నున్నని ఓడ చిన్నదైపోతుంది

బొమ్మ నున్నగా వుంటేనే అందమని మనకు చిన్ననాటి నుంచీ అలవాటు. ఏటికొప్పాక లక్కబొమ్మ యెంత నున్నగా వుంటే అంత ముద్దు. కాని నున్నగా వుంటే బొత్తిగా పనికిరాని బొమ్మ ఒకటున్నది. అది సినిమాలలో యెగిరే రోదసి నౌక.

కారణం సులువైనదే. సున్నం కొట్టిన ఖాళీ గోడను ఫోటో తీసి చూపిస్తే, అది పదడుగుల గోడో వందడుగుల గోడో యెవరు చెప్పగలరు? అదే గుడిగోపురమైతే అంతస్తు మీద అంతస్తు, బొమ్మ పక్కన బొమ్మ కనబడి, కన్ను తనంతట తానే లెక్క కట్టుకుంటుంది. ఒక వస్తువు యెంత పెద్దదో మనకు చెప్పేవి దాని మీద వున్న చిన్న వస్తువులే.

1977లో విడుదలైన ‘స్టార్ వార్స్’ చూచినవారికి మొదటి దృశ్యం జ్ఞాపకముండే వుంటుంది. ఒక యుద్ధనౌక మన నెత్తిమీదుగా వెళుతుంది; వెళుతూనే వుంటుంది. అంతు లేదనిపించే ఆ నౌక నిజానికి మూడడుగుల బొమ్మ! ఆ మాయ చేసింది జార్జి లూకస్ 1975లో నెలకొల్పిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మాజిక్ అనే సంస్థలోని బొమ్మల పనివారు. వాళ్లు బజారుకు పోయి పిల్లలు అతికించుకునే ప్లాస్టిక్ కిట్లు పెట్టెలకు పెట్టెలు కొన్నారు. అందులో యుద్ధట్యాంకులు, ఫిరంగులు, ఓడలు, పందెపు కార్లు అన్నీ వున్నాయి. కాగితం మీద వున్న సూచనలను పక్కన పారేసి, ట్యాంకు చక్రాన్ని ఒక మూలా, కారు ఇంజను ముక్కను మరో మూలా అతికించారు. ఇటువంటి ముక్కలకు ‘గ్రీబుల్’ అని ముద్దుపేరు. నిజంగా యే పనీ చేయదు, చేస్తున్నట్టు కనబడుతుంది. అంతే దాని అర్థం. ఇటువంటి మనుషులు ఆఫీసులలో కూడా వుంటారని గిట్టనివారి మాట.

ఈ విద్యకు ఆ సినిమా ఆద్యం కాదు. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో 54 అడుగుల నౌకకు కూడా కిట్టు ముక్కలే తొడిగారు. అంతకు ముందు 1957లో మన ‘మాయాబజార్’ కోసం ద్వారకానగరాన్ని అట్ట ఇళ్లతో కట్టి, లోపల దీపాలు పెట్టలేదూ? చిన్న కిటికీలో చిన్న దీపం వెలిగితేనే నగరం పెద్దదయింది.

ఇంతవరకూ వృత్తివారి కథ. అసలు విచిత్రం అభిమానులది. ‘మిలీనియం ఫాల్కన్’ అనే దొంగసరుకుల నౌకను అచ్చంగా అలాగే ఇంట్లో కట్టుకోవాలని పట్టుబట్టినవారు దేశదేశాలలో వున్నారు. మొదటి పనివారు ఏదో సరదాకు, చేతికందిన ముక్కను అంటించారు. ఈ భక్తులు ఫోటోలను భూతద్దంతో చూచి, ‘ఇది ఫలానా జపాను కంపెనీవారి లియోపోల్డ్ రైలుఫిరంగి కిట్టులోది’ అని తేల్చి, ఆ పాత పెట్టె కోసం సంవత్సరాల తరబడి వెదుకుతారు. దొరికితే ఆ ముక్కకు సిలికోను రబ్బరుతో అచ్చు తీసి, రెజిను పోసి, సాటివారికి పంచుతారు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నావంటివాడికి ఈ పని పరాయిదిగా తోచదు. బ్రౌను దొరగారి పండితులు తాటాకుప్రతులు ముందు వేసుకుని పాఠభేదాలు గుర్తించినదీ ఇటువంటి శ్రద్ధతోనే. ఇక్కడా పాఠభేదాలున్నాయి సుమండీ! 1977 ఫాల్కన్ సుమారు అయిదడుగుల బొమ్మ. దానికి దిగే కాళ్లు మూడు. 1980 నాటి రెండవ చిత్రానికి దానికే మరో రెండు కాళ్లు చేర్చారు. అదిగాక 32 అంగుళాల చిన్న ఫాల్కన్ మరొకటి చేశారు. ఏది మూలం? ముందు ఆ సంగతి తేల్చుకోనిదే కత్తి పట్టుకోకూడదు.

తరువాత పని ఓర్పుది. కాగితమంత పలుచని ప్లాస్టిక్ రేకును పలకలుగా కోసి అంటించాలి. సూదిమొనతో అతుకుల గీతలు గీయాలి. బూడిదవన్నె తెలుపు వేసి, ఆరాక, బాగా పలుచన చేసిన నల్లరంగు పూసి, గుడ్డతో తుడిచేయాలి. పైన వున్నది పోతుంది, సందులలోది నిలిచి లోతు చూపిస్తుంది. రంగుసుద్ద పొడితో పొగచారలు దిద్దాలి. ఆ చారలు అలంకారం కోసం కాదు. ఈ ఓడ చాలా దెబ్బలు తిన్నది, యజమాని దగ్గర డబ్బు లేదు, అయినా యెగురుతున్నది అని ఒక్క మాటైనా లేకుండా చెప్పేవి అవే. మన ఆలంకారికులు దీన్నే ధ్వని అన్నారు. మరకలు మితిమీరితే ధ్వని పోయి మట్టి మిగులుతుంది.

‘ఇంత శ్రమపడి ఒకరు చేసినదాన్నే మళ్లీ చేయడమెందుకు?’ అని ఇంటిపెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని ‘2001’ సినిమాకు చేసిన బొమ్మలలో చాలా భాగం మిగలలేదు. చంద్రుడి మీద దిగే నౌక ఒకటి మాత్రం 2015లో వేలానికి రాగా, ఆస్కారు బహుమతులిచ్చే అకాడమీవారు 3,44,000 డాలర్లకు కొన్నారు. మూలం పోయినచోట ప్రతి రాసుకున్నవాడే దిక్కు. పైగా ఒక ముక్కను వెతికి, కొలిచి, అంటించినవాడికి అంతకు ముందు కనబడనిది కనబడుతుంది: పేరు కూడా తెరకెక్కని ఒక పనివాడు ఫలానా చోట యెందుకు ఆగాడో, ఖాళీని యెందుకు వదిలాడో. నకలు రాయడం కూడా ఒక చదువే.

కనుక మీ అబ్బాయిగాని అమ్మాయిగాని పాత రేడియో పొట్ట విప్పి, మాత్రల రేకులూ, కలం మూతలూ, గడియారపు పళ్లచక్రాలూ ఒక డబ్బాలో దాచుకుంటుంటే, పండుగ శుభ్రం పేరుతో ఆ డబ్బాను చెత్తలో పారబోయకండి. ముందు అడగండి, అది ఏ ఓడకని.