పాత కంప్యూటర్లను తుక్కుకు వేసే ముందు

లినక్స్ వేసిన కంప్యూటర్ ఆన్ కాగానే కెర్నెల్‌కు ఎదురయ్యే మొదటి చిక్కు హార్డ్‌డిస్క్‌ను చదవడం. చదివించే డ్రైవర్ ఆ డిస్క్‌లోనే ఉంటే, బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపేసినట్టు. దీనికి దారులు రెండు. డ్రైవర్‌ను కెర్నెల్‌లోనే కలిపి కంపైల్ చేయడం ఒకటి. డ్రైవర్లన్నీ ఇనీషియల్ ర్యామ్‌డిస్క్ అనే చిన్న మూటగా కట్టి, కెర్నెల్‌తో పాటే మెమరీలోకి ఎక్కించడం రెండోది.

విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. హైదరాబాద్ అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో, చిక్కడపల్లి, నారాయణగూడల్లోని నెట్ సెంటర్లు, డీటీపీ షాపుల్లో విండోస్ 11 ఎక్కని డెస్క్‌టాప్‌లు ఉంటే వాటిని తుక్కు కింద అమ్మనక్కర్లేదు, లినక్స్ వేసుకోవచ్చు. గ్రూప్స్ దరఖాస్తు నింపడానికి, మాక్ టెస్ట్ రాయడానికి 2 జీబీ ర్యామ్ ఉన్న కోర్ 2 డ్యుయో సరిపోతుంది. 32 బిట్ యంత్రాలకు మాత్రం లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 13లో కెర్నెలే లేదు, 12తో సరిపెట్టుకోవాలి.

పాత యంత్రంలో లినక్స్ నిదానానికి ర్యామ్‌డిస్క్‌ను తిట్టుకోవడం సగమే న్యాయం. ఏ యంత్రానికైనా సరిపోవాలని అందులో వందల డ్రైవర్లు కుక్కుతారు కాబట్టి పాత డిస్క్ నుంచి లోడ్ కావడానికి సమయం పడుతుంది, 512 ఎంబీ ర్యామ్ ఉన్నచోట ఇరుకవుతుంది. బూట్ అయ్యాక ఆ మెమరీ ఖాళీ అవుతుంది. ఆ తర్వాతి నిదానానికి కారణం వేరే.

కనుక ముందు మూటను తగ్గించాలి. డెబియన్‌లో ఈ మూటకు సంబంధించిన ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ సెట్టింగుల ఫైల్ తెరిచి, మాడ్యూల్స్ వరుసలో ‘మోస్ట్’ తీసి ‘డెప్’ పెట్టి, మూటను మళ్లీ కట్టిస్తే ఆ యంత్రానికి కావలసిన డ్రైవర్లే మిగులుతాయి. ఈ పని ఏ యంత్రానికి ఆ యంత్రం మీదే చేయాలి. ఆ డిస్క్ తీసి వేరే రకం బోర్డుకు తగిలిస్తే బూట్ కాకపోవచ్చు. పాత కెర్నెల్‌ను బూట్ సమయంలో కనిపించే గ్రబ్ మెనూలో ఉంచుకోవడం మంచిది.

డ్రైవర్లను కెర్నెల్‌లో కలపడం అన్నీ ఒకే మోడల్ అయిన చోటే గిట్టుబాటు. జీ31 బోర్డులైతే ఐసీహెచ్7 చిప్‌కు ఏటీఏ పిక్స్ డ్రైవర్, డిస్క్‌కు ఎస్‌సీఎస్‌ఐ డిస్క్ డ్రైవర్, ఫైల్‌సిస్టంకు ఈఎక్స్‌టీ4 కలపాలి. ర్యామ్‌డిస్క్ లేనప్పుడు ఫైల్‌సిస్టం యూయూఐడీతో రూట్ దొరకదు, బూట్ వరుసలో పార్ట్‌యూయూఐడీ గానీ, డిస్క్ భాగం పేరు గానీ రాయాలి. లేకుంటే కెర్నెల్ ప్యానిక్ తప్పదు. పైగా ప్రతి సెక్యూరిటీ అప్‌డేట్‌కూ మళ్లీ కంపైల్ చేసే మనిషి కావాలి. ఆ మనిషి లేనిచోట ఈ దారి వద్దు.

స్టడీ హాళ్లు, షాపుల యజమానులు ముందుగా ఒక్క యంత్రం మీద ‘డెప్’ చేసి చూసి, ఆ తర్వాతే తుక్కు బేరం ఆడాలి.