నాలుక మీది పుడక, నలుగురి నోటి నీతి

నోటిలో పుడక పెట్టించుకున్న యువతీయువకుల గురించి మన పాత కరీంనగరు జిల్లాలో రెండు రకాల ఉపన్యాసాలు వినవస్తుంటాయి. ఇది పడమటి దేశాల పైత్యమనీ, మన సంస్కృతి గంగలో కలిసిందనీ ఒకటి. పూర్వులు దేవుని ఎదుట నాలుకకు శూలం గుచ్చుకోలేదా, విభూతి అద్దితే మానిపోలేదా, ఇప్పుడు కొత్తగా మునిగిందేమిటని రెండవది. నా దృష్టిలో రెండూ తప్పే. మొదటివారికి చరిత్ర తెలియదు, రెండవవారికి గాయం తెలియదు. వీరి వాగ్వాదం నడుమ నలిగేది మాత్రం జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో వాచిన నాలుకను ఇంట్లో చూపలేక, అన్నం సయించడం లేదని అబద్ధమాడి ముసుగుతన్ని పడుకున్న పిల్ల.

మొదటి వాదాన్ని త్వరగానే తేల్చవచ్చు. శ్రీశైలంలో వీరశిరోమండపం ఉన్నది. 14వ శతాబ్దిలో అనవేమారెడ్డి కట్టించినది. తలలను, నాలుకలను కోసి శివునికి అర్పించిన వీరుల ప్రస్తావన అక్కడి శాసనంలోనే ఉన్నది. అంతకు ముందే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రికుల ఘోరవ్రతాలను వర్ణించాడు. గోదావరి సీమలో వీరభద్రుని సంబరాలలో నారసాలు గుచ్చుకొంటారు. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావడి మోసే చిత్తూరు ప్రాంతపు తెలుగువారిలో చెంపలకు, నాలుకకు వేలు గుచ్చుకొనే మొక్కు ఉన్నది. (ఆ తిరుత్తణి 1960 వరకు మన చిత్తూరు జిల్లాలోనిదే.) ఇక సముద్రాల కావల, మాయా నాగరికతకు చెందిన యాశ్చిలాన్‌లో ఒక రాణి ముళ్ల తాడును నాలుకలో నుంచి లాగుకొంటున్న శిల్పం ఉన్నది, 709వ సంవత్సరపు క్రతువును చూపే ఆ రాయి నేడు లండను బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. ఇంత ఉండగా నాలుక కుట్టించుకోవడం నిన్న మొన్న టీవీలో పుట్టినదని శోకించేవారితో వాదమేమి?

రెండవ వాదమే ప్రమాదకరమైనది. అది వినడానికి న్యాయంగా తోస్తుంది కనుక.

మొక్కు శూలం గుచ్చిన పూటనే బయటికి వస్తుంది. నోటి లోపలి పొరకు రక్తప్రసరణ మెండు, లాలాజలం తోడు. అక్కడి గాయం చర్మంపై గాయం కంటె వేగంగా పూడుకొంటుంది. చూసినవారికి అది దైవమహిమగా కనిపిస్తే నేను కాదనను. కాని పుడక సంగతి వేరు. శూలం గాయం మూసుకుపోవాలి. పుడక గాయం మూసుకోకుండానే మానాలి. లోహం చుట్టూ చర్మం లోపలి వరకూ అల్లుకొని ఒక సొరంగంలా స్థిరపడాలి. దానికి నాలుకలో సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఆ లోహం అన్నంతో, మాటతో, పళ్లతో రాపిడి పడుతూనే ఉంటుంది. ఒక పూట శూలాన్ని చూపి ఏళ్ల తరబడి ఉండే పుడకకు భరోసా ఇవ్వడం ఏ తర్కమో నాకు బోధపడదు.

కుట్టిన కొద్ది గంటలలో నాలుక వాచడం మొదలవుతుంది. మొదటి నాలుగైదు రోజులు అది ఎక్కువ. తెల్లగానో పసుపుగానో పలుచని స్రావం కనిపిస్తుంది. అది చీము కాదు, కంగారు పడనక్కరలేదు. ఈ వాపు తెలిసినవాడు మొదట పొడుగాటి కమ్మీనే పెడతాడు, రెండు కొసలా గుండ్లతో. పొట్టిది పెడితే వాచిన నాలుకలోకి గుండు కూరుకుపోతుంది. వాపు తీసిన తరువాత, రెండు మూడు వారాలకు, మళ్లీ వెళ్లి దానిని పొట్టి కమ్మీతో మార్పించుకోవాలి. అసలు మెలిక ఇక్కడే. హైదరాబాదుకు పరీక్ష పేరు చెప్పి వెళ్లి కుట్టించుకొని వచ్చిన పిల్ల రెండవసారి ఏ వంకతో వెళ్తుంది? వెళ్లదు. ఆ పొడుగు కమ్మీ నోటిలో అలాగే ఉండిపోతుంది. ఊరకుండక దానిని పళ్ల మీద ఆడించడం అలవాటవుతుంది. కింది ముందు పళ్ల వెనుక చిగురు జారుతుంది, పన్ను అంచు రాలుతుంది. అంతవరకు వెలువడిన అధ్యయనాలను కూర్చి 2016లో ప్రచురించిన ఒక సమీక్ష, నాలుక పుడక ఉన్నవారిలో 44 శాతం వరకు చిగురు జారడం, 37 శాతం వరకు పళ్లు దెబ్బతినడం కనిపించాయని తేల్చింది. జారిన చిగురు తనంత తాను తిరిగి పెరగదు. ఈ నష్టంలో లోహానిది ఎంత పాలో, ఇంట్లో వీరంగం వేసే పెద్దలది ఎంత పాలో లెక్కకట్టమని మనవి.

దాచుకోవడం కోసమే ఎంచుకొనే కుట్టు ఒకటున్నది. పై పెదవిని చిగురుకు కలిపే సన్నని పొర ఉన్నదే, అందులో చిన్న రింగు. స్మైలీ అంటారు. మనవైపు బహు అరుదు. నవ్వితేనే కనబడుతుంది కనుక నవ్వు అదుపులో ఉంటే తల్లికి తెలియదు. ఆ పొర ఎంత పలుచనిదంటే, కొందరిలో కుట్టడానికే చాలదు. ఉన్నా కొంతకాలానికి రింగు దానిని కోసుకొంటూ బయటికి వచ్చేస్తుంది. ఆలోపల చిగురును ఒరుస్తూనే ఉంటుంది. మన నీతివాక్యాల భయంతో పిల్లలు నాలుక వదిలి ఇటు మళ్లితే ఒరిగిన మేలేమిటి?

మా వైపు ముక్కుకు, చెవికి అవుసలాయనే దిక్కు. ఆ చేతినేర్పు మీద నాకు గౌరవమున్నది. కాని చెవి తమ్మె వేరు, నాలుక వేరు. నాలుక అడుగున ఇరుపక్కలా రక్తనాళాలు పోతాయి. నడిమి గీత తప్పితే నెత్తురు కట్టడం కష్టం. ఫ్యాన్సీ దుకాణాలలో చెవులు కుట్టే గన్ను నోటి దరిదాపులకు రానీయరాదు. దాని ప్లాస్టిక్ భాగాలు ఆటోక్లేవ్ వేడికి తాళవు. ఒక్కసారి వాడి పారవేసే బోలు సూది, ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియం పుడక, కొత్త చేతితొడుగులు. ఇవి లేనిచోట కుట్టించుకోరాదు, ఎంత చవకైనా.

కుట్టించుకున్నాక పసుపు అద్దవద్దు, విభూతి అసలే వద్దు. ఉప్పునీటితో, లేదా ఆల్కహాలు లేని మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే చాలు. పెరుగన్నం, చల్లారిన అంబలి మేలు. సకినాలు, సర్వపిండి ఆరు వారాలు ఆగుతాయి. ఇక మన ఊళ్లకే ప్రత్యేకమైన మాట ఒకటి. కోరుట్లలో, జగిత్యాలలో, సిరిసిల్లలో బీడీల చాట ఒడిలో పెట్టుకొనే ఆడవాళ్లెందరో మనకు తెలుసు. తంబాకు అంటిన వేళ్లతో నోటిలోని పుడకను సర్దుకోవడం కంటె గాయానికి కీడు మరొకటి ఉండదు. సబ్బుతో కడగని చెయ్యి ఎవరిదైనా నోట్లో పెట్టరాదు. గుట్కా, ఖైనీ సంగతి వేరే చెప్పాలా?

పెద్దలకు నేను చెప్పేది ఇంతే. తిట్టదలచుకుంటే ఆరు వారాలు ఆగి తిట్టండి. ఈలోగా నోరు తెరిచి చూపమని అడగండి. నాలుక కింద గట్టిగా వాచినా, గడ్డం కింద ఉబ్బినా, గుటక పడకపోయినా, మాట ముద్దగా మారినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగరాదు. ఆ వాపు ఊపిరి దారిని మూసివేయగలదు. పుడకను ఇంట్లో పీకివేయకండి, రంధ్రం మూసుకొని చీము లోపలే చిక్కవచ్చు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనాయి. అక్కడి ఆసుపత్రికి తీసుకుపోండి. డాక్టరు ముందు పిల్లను దోషిలా నిలబెట్టకండి, కుట్టించుకొని ఎన్నాళ్లయిందో నిజం చెప్పనీయండి.

చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండె కవాటాలు చెడినవారు మాత్రం ఈ సరదా జోలికి పోరాదు. నోటిలోని సూక్ష్మజీవులు నెత్తురులో కలిసి ఆ కవాటాల మీద స్థిరపడిన సందర్భాలు వైద్యపత్రికలలో నమోదైనాయి. ఆ జ్వరం వచ్చిన సంగతి చాలామంది పిల్లలకు తెలియదు. తెలిసినది తల్లికే. ఆ తల్లితో మాట్లాడే వీలు ఆ ఇంట్లో ఉన్నదా?