తూనికరాళ్లకే తెగులు!

సంతలో తూనికరాళ్లను అరగదీసి సరుకు తూచే వర్తకుణ్ణి పట్టుకుని నలుగురిలో నిలబెట్టడానికి మనవారు వెనుకాడరు. కానీ, కర్మాగారపు పొగను, ఔషధపు గుణాన్ని, కంపెనీల జమాఖర్చులను తూచే రాళ్లు అరిగిపోయినప్పుడు ఆ మోసం కంటికి కనబడదు. నష్టపోయినవాడికి తాను నష్టపోయిన సంగతే తెలియదు. వ్యాపారం, పర్యావరణం, వైద్యం అనే మూడు రంగాల్లోనూ నేటి ప్రభుత్వ నిర్ణయాలన్నీ కొలతల మీద, వాటి నుంచి పుట్టిన నివేదికల మీద ఆధారపడి ఉన్నాయి. ఆ కొలతలు ఎవరు తీస్తున్నారు, వారికి రుసుము ఎవరు చెల్లిస్తున్నారు అన్న ప్రశ్నను మాత్రం పాలకులు ఉపేక్షిస్తూ వస్తున్నారు. ఇందుకు దేశం చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు.

గుజరాత్ అనుభవం ఈ విషయంలో కళ్లు తెరిపించేది. ఆ రాష్ట్ర హైకోర్టు చొరవతో 1996లో అక్కడ పర్యావరణ ఆడిట్ విధానం అమల్లోకి వచ్చింది. కాలుష్యకారక పరిశ్రమలు ఏటా స్వతంత్ర ఆడిటర్లతో తనిఖీ చేయించుకుని, నివేదికను కాలుష్య నియంత్రణ మండలికి సమర్పించాలి. ఉద్దేశం ఉదాత్తమే. అయితే ఆడిటర్‌ను ఎంపిక చేసుకునేదీ, రుసుము ఇచ్చేదీ ఆ పరిశ్రమే! చిమ్నీని నిజాయితీగా కొలవడానికయ్యే ఖర్చుకన్నా తక్కువ రుసుముకే ఆడిటర్లు నివేదికలు రాసి ఇచ్చేవారంటే, ఆ నివేదికల విలువ ఏపాటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఎస్తర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ ర్యాన్ అనే ఆర్థికవేత్తలు ఆ రాష్ట్ర మండలి సహకారంతోనే ఈ విధానాన్ని పరీక్షకు పెట్టారు. అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లోని 473 కర్మాగారాలను తీసుకుని, లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గాన్ని పాత పద్ధతికే వదిలేశారు. రెండో వర్గంలో ఆడిటర్‌ను లాటరీ ద్వారా కేటాయించి, ఉమ్మడి నిధి నుంచి స్థిరమైన రుసుము చెల్లించి, వారు కొలిచిన చోటనే మరొక బృందంతో ఆకస్మికంగా మళ్లీ కొలిపించారు. 2013లో ప్రచురితమైన ఫలితాలు విస్మయకరంగా ఉన్నాయి. పాత పద్ధతిలో, ధూళికణాల పరిమితిని మీరిన కర్మాగారాలు 7 శాతం మాత్రమేనని ఆడిటర్లు రాయగా, మళ్లీ కొలిచినప్పుడు ఆ సంఖ్య 59 శాతంగా తేలింది. అనుమతించిన పరిమితి ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాములు కాగా, ఆడిటర్ల అంకెలు చాలావరకు సరిగ్గా ఆ గీతకు దిగువనే గుంపుగా చేరి కూర్చున్నాయి! కొత్త పద్ధతిలో, పరిమితి దాటిన పొగను దాటలేదని రాసే ధోరణి 80 శాతం తగ్గింది. అంతకన్నా ముఖ్యమైన విషయం, నిజం బయటపడుతుందని గ్రహించిన కర్మాగారాలు తమ కాలుష్యాన్నే తగ్గించుకున్నాయి. 2015లో గుజరాత్ ప్రభుత్వం ఈ పాఠాన్ని గ్రహించి ఆడిట్ నిబంధనలను సంస్కరించింది.

ఇది గుజరాత్‌కో, పొగగొట్టాలకో పరిమితమైన జాడ్యం కాదు. 2009 జనవరి 7న హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ అధిపతి తన లేఖ ద్వారా బయటపెట్టిన బండారం గుర్తుందికదా! సుమారు 5,040 కోట్ల రూపాయల మేరకు లేని నగదును ఉన్నట్లు ఆ కంపెనీ లెక్కల్లో చూపారు. ఏళ్ల తరబడి ఆ లెక్కలపై సంతకాలు చేసిన ఆడిటర్లకు రుసుము చెల్లించింది ఆ కంపెనీయే. ఆ తరవాతనే 2013 కంపెనీల చట్టంలో ఆడిటర్లను నిర్ణీత కాలానికి మార్చాలన్న నిబంధన వచ్చింది. 2018లో జాతీయ ఆర్థిక నివేదన ప్రాధికార సంస్థ ఏర్పాటైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లయినా, పట్టుకున్నందుకు సంతోషించాలి. కానీ రుసుము ఎవరిస్తున్నారన్న మూలప్రశ్న అలాగే మిగిలిపోయింది.

వైద్యరంగంలోనూ ఇదే కథ. హైదరాబాద్‌లోని ఒక కాంట్రాక్టు పరిశోధన సంస్థలో 2014లో ఫ్రెంచి అధికారులు తనిఖీ జరిపి, ఔషధ పరీక్షల్లో పాల్గొన్నవారి ఇ.సి.జి. పత్రాలు తారుమారైనట్లు కనుగొన్నారు. 2015 జనవరిలో ఐరోపా ఔషధ సంస్థ దాదాపు 700 రకాల మందుల అనుమతులను నిలిపివేయాలని సిఫారసు చేసింది. ఆ మందుల వల్ల రోగులకు హాని జరిగినట్లు ఆధారాలేవీ లేవని ఆ సంస్థే స్పష్టం చేసింది. అయినప్పటికీ అనుమతులు నిలిచాయి. ఎందుకంటే, కొలత మీద నమ్మకం పోయాక మందు మంచిదేనని నిరూపించే దారి మిగలదు. ఆ వివాదం ఐరోపాతో వాణిజ్య ఒప్పంద చర్చలను భారత్ వాయిదా వేసేంతవరకూ వెళ్లింది. ఒక ప్రయోగశాలలో జరిగిన అవకతవకలకు ఎన్నో కంపెనీలు, ఎగుమతులు మూల్యం చెల్లించుకోవలసి రావడం శోచనీయం.

నిజాయితీగా కొలిచే సత్తా మనకు లేదా? ఆరు దశాబ్దాలకు పూర్వమే దాన్ని నిరూపించుకున్నాం. క్షయ రోగులను శానిటోరియంలో పెట్టి వైద్యం చేయాలా, ఇంటివద్దనే మందులిస్తే సరిపోతుందా అన్న ప్రశ్నపై 1956లో మద్రాసులో ప్రారంభమైన అధ్యయనంలో 193 మంది రోగులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విభజించి చికిత్స చేశారు. ఇళ్లకు ఆకస్మికంగా వెళ్లి మాత్రలు లెక్కించారు. మూత్రపరీక్షలతో మందు వాడకాన్ని నిర్ధారించుకున్నారు. ఇంటి చికిత్స కూడా దాదాపు అంత సమర్థమైనదేనని 1959లో వెలువడిన ఫలితాలు చాటాయి. ప్రపంచ క్షయ చికిత్సా విధానమే మారిపోయింది. శానిటోరియంలో పడక దొరకని లక్షలాది పేదలకు ఆ ఒక్క నిక్కమైన కొలత ప్రాణభిక్ష పెట్టింది.

పరికరాలు కొని బిగించినంత మాత్రాన పని జరిగిపోదన్నదీ గ్రహించాలి. 2020 మే 7న విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగు భాగంలో మాత్రమే కొలిచేవారనీ, పైపొరల్లో పెరుగుతున్న వేడి ఎవరి దృష్టికీ రాలేదనీ ప్రభుత్వ విచారణలో వెల్లడైంది. పరికరం ఉంది, అది ఉండవలసిన చోట లేదు.

సూరత్‌లో 2019లో ప్రారంభమైన ధూళికణాల అనుమతుల విపణి ఈ విషయంలో మరొక పాఠం నేర్పుతోంది. 317 కర్మాగారాలు పాలుపంచుకున్న ఆ ప్రయోగంలో రెండు వర్గాల చిమ్నీలకూ నిరంతర కొలత పరికరాలు అమర్చారు. అయినా కాలుష్యం 20 నుంచి 30 శాతం తగ్గింది మాత్రం కొలతకు లెక్కగట్టి, పరిమితి విధించి, అనుమతులు కొనుక్కునేలా చేసిన వర్గంలోనే. పైగా కాలుష్యాన్ని అదుపు చేసే ఖర్చు కూడా తగ్గింది. నిక్కచ్చి కొలత అంటే ‘ఇన్‌స్పెక్టర్ రాజ్’ అంటూ గగ్గోలు పెట్టే పారిశ్రామిక వర్గాలు ఈ అనుభవాన్ని గమనించడం మేలు.

2019 జనవరిలో కేంద్రం ప్రకటించిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమంలో వందకు పైగా నగరాలను చేర్చారు. మన రెండు తెలుగు రాష్ట్రాల నగరాలూ అందులో చేరాయి. 15వ ఆర్థిక సంఘం పెద్ద నగరాలకిచ్చే నిధుల్లో కొంత భాగాన్ని గాలి నాణ్యతలో మెరుగుదలకు ముడిపెట్టింది. సూత్రం మంచిదే. కానీ నిధులు పొందే రాష్ట్రానికి చెందిన మండలే ఆ గాలిని కొలుస్తుంటే, గుజరాత్ ఆడిటర్ల వంటి చిక్కే ఇక్కడా తలెత్తే ప్రమాదం లేదా? పరికరాన్ని రద్దీ కూడలి నుంచి ఉద్యానవనానికి తరలిస్తే చాలు, ఊరి గాలి కాగితం మీద శుభ్రపడుతుంది. ఆ గాలి పీల్చే పసివాళ్ల ఊపిరితిత్తులు మాత్రం కాగితాన్ని నమ్మవు.

ప్రభుత్వాలు చేయవలసిందేమిటో పై అనుభవాలే చెబుతున్నాయి. కొలిచేవారిని కొలతకు గురయ్యేవారు ఎంపిక చేసుకునే పద్ధతికి స్వస్తి చెప్పాలి. పరిశ్రమల నుంచి వసూలు చేసిన రుసుమును ఉమ్మడి నిధిలో జమచేసి, ఆడిటర్లను లాటరీ ద్వారా కేటాయించాలి. ప్రతి కొలతలోనూ కొంత భాగాన్ని వేరొకరితో తిరిగి కొలిపించాలి. పొగగొట్టపు అంకెలనూ, ఔషధ పరీక్షల ఫలితాలనూ ప్రజలందరికీ అందుబాటులో ఉంచాలి. తప్పుడు కొలత రాసినవారికి తప్పుచేసిన పరిశ్రమతో సమానంగా శిక్ష పడాలి. వీటిలో వేటికీ భారీ వ్యయం అక్కరలేదు. కావలసిందల్లా రాజకీయ సంకల్పమే. ఒక రాష్ట్రం ప్రయోగం చేసి, ఫలితం చూసి, నిబంధన మార్చుకున్నప్పుడు తక్కిన రాష్ట్రాలు చేతులు ముడుచుకుని కూర్చోవడం బాధ్యతారాహిత్యమే అవుతుంది.