యాప్ ఒక్కటే తలుపైతే సన్నకారు రైతు గతేమిటి?

పత్తి అమ్మాలంటే యాప్. పట్టా చూసుకోవాలంటే పోర్టల్. పీఎం కిసాన్ డబ్బులు ఆగకుండా రావాలంటే ఈ-కేవైసీ. 2025 డిసెంబరులో రాష్ట్రంలోని కొన్ని జిల్లాల్లో యూరియా బస్తా కూడా ఫోనులోనే బుక్ చేసుకునే పద్ధతి మొదలుపెట్టారు. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ చెడ్డది కాదు. అన్నీ కలిపి చూస్తే మాత్రం, ఎకరం రెండెకరాల చెల్క మీద బతికే రైతుకు సేద్యం కంటే ఫోను పనే పెద్దదైపోయింది. దేవరకొండ ప్రాంతంలో ఈ తిప్పలు మరీ ఎక్కువ.

ఫోను లేక కాదు

"అందరి చేతుల్లో సెల్ ఫోన్లే కదా, ఇంకేం ఇబ్బంది?" అని పట్నంలో కూర్చున్నవారు అడుగుతారు. ఫోను ఉన్నది నిజమే. కానీ చాలామంది పెద్దవాళ్ల దగ్గర ఉన్నది మాట్లాడుకునే డబ్బా ఫోను. టచ్ ఫోను హైదరాబాద్ పోయిన కొడుకు దగ్గర ఉంటుంది. పాస్ పుస్తకం ఊళ్లో పెట్టెలో ఉంటే, ఓటీపీ అక్కడ కొడుకు జేబులో మోగుతుంది. ఆధార్‌కు ఎప్పుడో ఇచ్చిన నంబరు రీచార్జి చేయక పోయి ఉంటుంది.

చందంపేట, నేరేడుగొమ్ము మండలాల్లో అడవి, గుట్టల నడుమ ఉన్న తండాల్లో సిగ్నల్ కోసం తిప్పలు పడే తావులున్నాయి. తండాల్లో ఇంట్లో మాట్లాడేది లంబాడీ. దానికి సొంత లిపి లేదు. యాప్ తెలుగులోనే ఉన్నా, బడికి పోని ముసలాయనకు అది పరాయిదే. ఆడవాళ్ల సంగతి చూస్తే, 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన మహిళలు మన రాష్ట్రంలో నూటికి 27 మందికి మించలేదు. పట్టా ఆమె పేరున ఉన్నా ఫోను ఆమె చేతిలో లేదు.

పత్తి కాడ తేలిన లెక్క

2025-26 సీజనులో సీసీఐకి పత్తి అమ్మాలంటే 'కపాస్ కిసాన్' యాప్‌లో పేరు నమోదు చేసుకొని, స్లాట్ బుక్ చేసుకొని జిన్నింగు మిల్లుకు తేవాలన్నారు. మిల్లు ముందర బండ్లు రోజుల తరబడి నిలబడొద్దని, రైతు పేరు చెప్పి దళారి అమ్ముకోవద్దని పెట్టిన పద్ధతి ఇది. ఆ సీజనులో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలుగా ఉండింది.

స్లాట్ దొరకని రైతు ఏం చేయాలి? పత్తి పెట్టుకోను ఇంట్లో జాగా ఉండదు. ఏరిన కూలీల పైసలు, ఎరువుల దుకాణం బాకీ ఆగవు. ఊళ్లోకి వచ్చిన దళారికే కాంటా పెడతాడు. క్వింటాలుకు వెయ్యి రూపాయలే తక్కువ పడిందనుకున్నా, పది క్వింటాళ్ల మీద పదివేలు పాయె. ఏ దళారిని తప్పించాలని యాప్ తెచ్చారో, యాప్ తెలియని రైతు మళ్లీ అదే దళారి చేతిలో పడుతున్నాడు. కౌలు రైతుకు మరో చిక్కు: పంట తనది, భూమి కాగితాలు పట్టాదారువి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్లుంది యవ్వారం.

ధరణి నేర్పిన పాఠం

2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒక్కరోజే అయ్యే వీలు కలిగింది. ఆ మేలు కాదనలేం. అయితే పేరు తప్పు పడ్డవారు, విస్తీర్ణం తగ్గినవారు, భూమి నిషేధిత జాబితాలో చేరినవారు ఎవరికి చెప్పుకోవాలో తెలియక తిరిగారు. తర్వాత చట్టం మారి 2025 ఏప్రిల్ 14న భూభారతి పోర్టల్ మొదలైంది. అదే ఏడాది జూన్‌లో అధికారులు ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకుంటే రాష్ట్రమంతటా లక్షల్లో వచ్చాయి. ఊళ్లో బల్ల వేసుకొని మనిషి కూర్చుంటే తప్ప ఈ బాధలు బయటపడలేదు.

రైతు వేదికలో బల్ల వేయండి

ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. దాదాపు ఐదువేల ఎకరాలకు ఒకటి చొప్పున రైతు వేదికలు కట్టే ఉన్నాయి. 2024 మార్చిలో 'రైతు నేస్తం' పేరుతో కొన్ని వేదికల్లో వీడియో సౌకర్యం పెట్టి శాస్త్రవేత్తలతో మాట్లాడించడం మొదలుపెట్టారు. ఆ సౌకర్యాన్ని అన్నిచోట్లకు తెచ్చి, సీజనులో వారానికి రెండు రోజులు అక్కడే సహాయ బల్ల నడపాలి. స్లాట్లు, ఈ-కేవైసీ అన్నీ అక్కడ పైసా తీసుకోకుండా చేసిపెట్టాలి. పనిచేసి అరిగిన వేలిముద్ర మిషన్‌లో పడకపోతే, విస్తరణ అధికారి సంతకంతో కాగితం మీద పని జరగాలి. స్లాట్లలో కొన్ని ఫోను లేని రైతులకని విడిగా ఉంచాలి. ఉన్న విస్తరణ అధికారికే ఈ పనంతా అంటగడితే ఆయన పొలాల మొహం చూడలేడు. అందుకని ఊళ్లో చదువుకున్న పిల్లలకు నాలుగు రోజులు నేర్పి, కొంత గౌరవ వేతనం ఇచ్చి కూర్చోబెట్టాలి. తండాల్లో లంబాడీ వచ్చిన పిల్లలనే పెట్టాలి.

మన జాగ్రత్త మనది

రైతులు కూడా చేయాల్సింది ఉంది. ఇంట్లో నిలకడగా ఉండే నంబరునే ఆధార్‌కు కలుపుకోండి. దాన్ని చావనివ్వకండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లు నొక్కితే బ్యాంకులో డబ్బులు మాయమవుతాయి. పంట సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉంది. డబ్బా ఫోనుతోనే చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు.

2025 డిసెంబరు ఎన్నికల్లో ఊళ్లకు కొత్త సర్పంచులు వచ్చారు. వచ్చే గ్రామసభలో రైతులు ఒక్కమాట మీద నిలబడి, రైతు వేదికలో సహాయ బల్ల కావాలని తీర్మానం రాయించి మండల వ్యవసాయాధికారికి, కలెక్టరుకు పంపించాలి. యాప్‌లు వద్దనడం లేదు. యాప్ పక్కన మనిషి ఉండే తలుపు కూడా తెరిచి ఉంచమనే అడగాలి. పత్తి ఏరడం మొదలయ్యాక అడిగితే లాభం లేదు. విత్తనం పెట్టకముందే అడగాలి.