కోతికి కాసిని ముక్కలు

మనసు కోతి అన్నారు పెద్దలు. పగలంతా ఏ కొమ్మనో పట్టుకుని వేళ్ళాడినా, రాత్రి దీపం ఆర్పగానే వచ్చి మన నెత్తికెక్కుతుంది. ఈ సంగతి నాకు పోయిన నెలలో బాగా తెలిసివచ్చింది.

మా తమ్ముడు స్కూటరు మీంచి పడ్డాడు. నా కళ్ళ ఎదటే పడ్డాడు. దేవుడి దయవల్ల కాలు విరగడంతో సరిపోయింది. వాడు ఆసుపత్రి మంచం మీద హాయిగా గురక పెడుతున్నాడు. బయట బల్లమీద కూచున్న నాకు మాత్రం, కన్ను మూస్తే చాలు, లారీ, దుమ్ము, ఎగిరిపడ్డ చెప్పు. మళ్ళీ లారీ, దుమ్ము, చెప్పు.

"తాతయ్యా, కాసేపు ఇది ఆడు" అంటూ మనవరాలు సెల్‌ఫోను చేతిలో పెట్టింది. ఆ ఆటల కోసమే దాన్ని వారానికి నాలుగుసార్లు కేకలేస్తుంటాను. ఆ రాత్రి నోరెత్తలేదు. పైనుంచి రంగురంగుల ముక్కలు దిగుతుంటాయి. ఏడు రకాలు, ఒక్కొక్కదానికి నాలుగేసి గళ్ళు. అటూ ఇటూ తిప్పి సందుల్లో అమర్చాలి. వరస నిండిందా, మాయం! పేరు టెట్రిస్. అరగంట పోయాక చూసుకుంటే, లారీ లేదు.

తరవాత వాకబు చేశాను. ఈ ఆటను 1984లో మాస్కోలో, సోవియట్ సైన్సు అకాడమీవారి కంప్యూటరు కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశాడు. మోటారు ప్రమాదాల్లో చిక్కి ఆక్స్‌ఫర్డులో ఆసుపత్రికి వచ్చిన 71 మందిపై చేసిన పరిశోధన 2017లో వెలువడింది. ప్రమాదమైన ఆరు గంటల్లోగా, జరిగింది ఒకసారి తలుచుకుని ఈ ఆట ఆడినవారిని, ఆ వారంలో ఆ దృశ్యాలు తక్కువసార్లు వెంటాడాయట. మనసులో బొమ్మ కట్టే గది ఇరుకండీ. ఈ ముక్కను ఎటు తిప్పాలా అని ఊహిస్తుంటే, భయం బొమ్మ స్థిరపడడానికి జాగా చాలదంటారు.

అలాగని సర్వరోగ నివారిణి అనుకునేరు! 2000లో హార్వర్డు శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగంలో, ఆడినవారికి నిద్రపట్టే వేళ ముక్కలే రాలుతూ కనిపించాయి. ఆడిన సంగతే గుర్తుండని మతిమరుపు రోగులకు కూడా! నా గతీ అదే అయింది. మూడో వారానికి అర్ధరాత్రి దాటినా ఫోను వదలలేదు.

మా ఆవిడ ఒకటే మాట అడిగింది: "ఆనాటి సంగతి మీ తమ్ముడితో ఒక్కసారైనా మాట్లాడారా?"

మాట్లాడలేదు. ఆ రోజు త్వరగా పదమని వాణ్ణి తొందరపెట్టింది నేనే.

మర్నాడు వెళ్ళి చెప్పేశాను. వాడు నవ్వి, "బ్రేకులు బాగుచేయించరా అని నువ్వు ఆర్నెల్లుగా మొత్తుకోలేదుటన్నయ్యా?" అన్నాడు.

ఆ రాత్రి ఆట లేకుండానే నిద్రపట్టింది.

ఇప్పుడు మనవరాలిని కేకలెయ్యడం లేదు. రోజుకు అరగంట ఆట అని ఒప్పందం. అందులో మొదటి పావుగంట నాది.