ఒక్క పాసుతో ఊరంతా... మరి మన వైజాగుకి?

ఆన్‌సైట్ నుంచి తిరిగొచ్చిన ప్రతివాడూ "అక్కడైతేనా..." అని మొదలెడతాడని ఇంట్లోవాళ్ళకీ ఆఫీసువాళ్ళకీ ఓ కంప్లైంటు ఎప్పుడూ ఉండేదే. ఇవాళ నేనూ అదే పని చెయ్యబోతున్నాను, కాస్త ఓర్చుకోండి. కాకపోతే చెప్పబోయేది వాళ్ళ రైళ్ళు ఎంత వేగంగా వెళ్తాయో, ప్లాట్‌ఫారాలు ఎంత శుభ్రంగా ఉంటాయో కాదు. అవన్నీ ఈపాటికే చాలామంది చెప్పేశారు. నేను చెప్పేది ఒక చిన్న కాగితం ముక్క గురించి. దాన్ని పాసు అంటారు.

మొన్నామధ్య ప్రాజెక్టు పని మీద మూడు నెలలు ఒసాకాలో ఉన్నాను. వెళ్ళింది షార్ట్ టర్మ్ బిజినెస్ వీసా మీద. ఇది ఎందుకు చెప్తున్నానంటే, జపాన్ రైలు పాసుల్లో చాలావాటికి ఒక మెలిక ఉంది. పాస్‌పోర్టులో "టెంపరరీ విజిటర్" అన్న ముద్రో స్టిక్కరో ఉన్న విదేశీయుడికే ఆ పాసు ఇస్తారు. వర్క్ వీసా మీద రెండేళ్ళు అక్కడే కాపురం పెట్టిన మనవాడికి ఇవ్వరు. అంటే కొడుకుని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు పాసు మీద దర్జాగా తిరుగుతుంటే, కొడుకు ఫుల్ టికెట్టు కొనుక్కుని వాళ్ళ పక్కన కూర్చోవాలి :). అక్కడికి వెళ్ళబోయేవాళ్ళు వీసా కాగితం ఒకసారి చూసుకుని మరీ ప్లాను వేసుకోండి.

ఇంకో సంగతి. దేశమంతా తిరిగే పెద్ద పాసు ధర 2023 అక్టోబరులో బాగా పెంచేశారు. ఏడు రోజుల పాసు 29,650 యెన్‌ల నుంచి ఒక్కసారిగా 50,000 అయింది. ఇప్పుడు నాలాంటివాళ్ళకి గిట్టుబాటయ్యేవి ప్రాంతీయ పాసులే. నేను కొన్నది కాన్సాయ్–హిరోషిమా పాసు. అయిదు రోజులకి 17,000 యెన్‌లు. షిన్-ఒసాకా నుంచి హిరోషిమాకి బుల్లెట్ రైల్లో రానూపోనూ విడిగా కొంటేనే సుమారు 20,000 అవుతుంది. ఒక్క ట్రిప్పుతో పెట్టిన డబ్బు తిరిగొచ్చేసింది. మిగిలిన నాలుగు రోజులూ లాభమే.

అయితే నాకు నచ్చింది ఆ లాభం కాదు. హిరోషిమాలో దిగాక ఊళ్ళో చూడాల్సినవన్నీ చుట్టి వచ్చే లూప్ బస్సు ఉంది. దానికి అదే పాసు చూపిస్తే చాలు. అక్కణ్ణుంచి లోకల్ రైలు, తర్వాత మియాజిమా దీవికి పడవ, అన్నిటికీ అదే పాసు. ఊళ్ళో ట్రాము వేరే కంపెనీది కాబట్టి దానికి పాసు చెల్లదు. దీవిలో అడుగుపెట్టేవాళ్ళ దగ్గర 100 యెన్‌ల పన్ను తీసుకుంటారు, అది కూడా విడిగా కట్టాలి. ఏది చెల్లుతుందో ఏది చెల్లదో ముందే ఒక పేజీలో రాసిచ్చారు. భాష రాదు, ఊరు తెలీదు, తెలిసినవాళ్ళు లేరు. అయినా ఆ రోజంతా నేను ఎవర్నీ ఒక్క మాట అడగాల్సిన అవసరం రాలేదు.

ఒసాకా ఊరికి ఇంకో పాసు ఉంది, అమేజింగ్ పాస్ అంటారు. మూడు వేల పైచిలుకు యెన్‌లకి ఒక రోజంతా మెట్రో, సిటీ బస్సులు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. పైగా ఒసాకా కోట, కాలవలో పడవ, జెయింట్ వీలు లాంటి బోలెడు చోట్లకి ప్రవేశం అందులోనే. జేఆర్ రైళ్ళకి మాత్రం చెల్లదు. రవాణా ఒకరిది, కోట ఒకరిది, పడవ మరొకరిది. కానీ కొనేవాడికి ఆ గొడవేమీ కనబడదు. ఆదాయం ఎవరికెంత పంచుకోవాలో వాళ్ళలో వాళ్ళు చూసుకుంటారు.

నా దృష్టిలో పాసంటే డిస్కౌంటు కాదు. "నీకు మా ఊరు తెలీదని మాకు తెలుసు, ఆ బాధ్యత మాది" అని ఊరు ఒప్పుకోవడం. అది లేనిచోట కొత్తమనిషి తన తెలియనితనానికి పన్ను కడుతూ ఉంటాడు. ఆటోకి కొంత, ఏజెంటుకి కొంత, తప్పు క్యూలో నిలబడి పోగొట్టుకున్న టైముకి కొంత.

ఇప్పుడు మన సంగతికొద్దాం. మనకీ ఒకప్పుడు ఇలాంటి పాసు ఉండేదని మీలో ఎంతమందికి తెలుసు? పేరు ఇండ్‌రైల్ పాస్. విదేశీయులకీ, ఎన్నారైలకీ డాలర్లలో అమ్మేవారు. అర రోజు నుంచి 90 రోజుల దాకా రకరకాలుండేవి. 2017లో ఆపేశారు. అది ఉన్నన్నాళ్ళూ పెద్దగా ఎవరూ కొనకపోవడానికి కారణం వెతకక్కర్లేదు. పాసు ఉన్నా ప్రతి రైలుకీ మళ్ళీ రిజర్వేషన్ చేయించుకోవాల్సిందే. విడివిడిగా టికెట్లు కొనుక్కుంటే చాలామందికి అంతకన్నా తక్కువే అయ్యేది. అటు సౌకర్యమూ లేదు, ఇటు పొదుపూ లేదు. అలాంటి పాసు బతకలేదంటే ఆశ్చర్యమేముంది?

అక్కడ విదేశీయుడికి తక్కువకి ఇస్తుంటే మనం ఎక్కువకి ఇస్తాం. గోల్కొండ కోటలో మనకి 25 రూపాయలయితే వాళ్ళకి 300. దీన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. కోట బాగోగులకి మనం పన్ను కడుతున్నాం, వాళ్ళు కట్టట్లేదు. కానీ పన్నెండు రెట్లు తీసుకున్నప్పుడు కనీసం తర్వాత ఎక్కడికెళ్ళాలో, ఏ బస్సెక్కాలో చెప్పే కాగితం ఒకటి చేతిలో పెట్టొచ్చుగా.

మా ప్రాజెక్టులో పనిచేసే ఒసాకా ఆయన ఒకరు రెండు రోజుల సెలవులో వైజాగు వస్తానన్నారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఏ పాసు కొనమంటారు?" నేను ఆయనకి వాట్సాప్‌లో రాసి పంపిన జవాబు పద్నాలుగు లైన్లు వచ్చింది. కావాలంటే మీరే లెక్కెయ్యండి. అరకు రైలు టికెట్టు రైల్వేది. బొర్రా గుహలు టూరిజం వాళ్ళవి. కైలాసగిరి, బీచిలో కురుసుర సబ్‌మెరైన్, దానికెదురుగా టీయూ-142 విమానం వీఎంఆర్‌డీఏవి. జూ అటవీశాఖది. సింహాచలం దేవాదాయశాఖది. భీమిలి వెళ్ళే 900కె బస్సు ఆర్టీసీది. ప్రతిదానికీ విడి కౌంటరు, విడి టైమింగు, విడి సెలవు రోజు. ఆన్‌లైన్లో కొందామంటే చాలాచోట్ల ఓటీపీకి ఇండియా నంబరు కావాలి. మన భాషలో చెప్పాలంటే అన్ని అప్లికేషన్లూ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి, సింగిల్ సైన్-ఆన్ మాత్రం లేదు.

టూరిజం వాళ్ళ అరకు ప్యాకేజీ ఉందిగా అంటారేమో. ఉంది, మంచిదే. పొద్దున్న రైల్లో తీసుకెళ్ళి, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, బొర్రా చూపించి, అనంతగిరి మీదుగా రాత్రికి బస్సులో దింపుతారు. కానీ ప్యాకేజీ వేరు, పాసు వేరు. ప్యాకేజీలో మన టైము గైడు చేతిలో ఉంటుంది. పాసులో మన చేతిలోనే ఉంటుంది. బొర్రాలో ఇంకో గంట ఉండాలనిపిస్తే ఉండగలగడమే ప్రయాణం. హారన్ కొడుతున్నారని పరిగెత్తడం కాదు.

ఈ మధ్య ఒక మంచి పని జరిగింది, అదీ చెప్పాలి. 2025 ఆగస్టులో ఆర్కే బీచి నుంచి తొట్లకొండ దాకా డబుల్ డెక్కర్ ఎలక్ట్రిక్ బస్సులు మొదలెట్టారు. ఒకసారి టికెట్టు కొంటే 24 గంటలు ఎక్కడైనా దిగొచ్చు, ఎక్కొచ్చు. టికెట్టు 500, అందులో సగం ప్రభుత్వమే భరిస్తుందని అప్పుడు ప్రకటించారు. వైజాగులో పాసు అనదగ్గది నాకు తెలిసి ఇదే మొదటిది. కాకపోతే అది బీచి రోడ్డు పాసు. రైలు దిగినవాడు బీచి దాకా ఎలా వెళ్ళాలన్నది మళ్ళీ వాడి తలనొప్పే.

అసలు తమాషా ఏంటంటే, అరకు వెళ్ళే ఆ కొత్తవలస–కిరండూల్ లైను 1960ల్లో వేసింది జపాన్ కోసమే. బైలదిలా ఇనుప ఖనిజాన్ని కొండల మీంచి దించి, విశాఖ పోర్టులో ఓడలకెక్కించి, వాళ్ళ ఉక్కు ఫ్యాక్టరీలకి పంపడానికి. ఖనిజం గనిలోంచి ఓడ దాకా ఎవర్నీ దారి అడక్కుండా వెళ్ళేలా అన్నీ అమర్చారు. అరవై ఏళ్ళ తర్వాత అదే దేశం నుంచి వచ్చిన మనిషికి మాత్రం పద్నాలుగు లైన్ల మెసేజీ. దీనికి తోడు 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ చేసిన విభజనలో విశాఖ స్టేషను కొత్త జోనులోకీ, అరకు లైను రాయగడ డివిజనులోకీ వెళ్ళాయి. రైల్వే లోపలే ఇద్దరి సంతకాలు కావాలి. అయితే ఇది సాకు మాత్రం కాకూడదు. జపాన్‌లో 1987లోనే రైల్వేని ముక్కలు చేసి కంపెనీలుగా విడగొట్టారు. అయినా పాసు అన్నిటి మీదా చెల్లుతూనే ఉంది.

ఇంతవరకూ చదివి "విదేశీయుల కోసం ఇంత హడావిడి అవసరమా?" అంటారని తెలుసు. అక్కడికే వస్తున్నాను. మా ఇల్లు పూర్ణా మార్కెట్ దగ్గర. రైల్వే స్టేషన్ నుంచి ఆటోలో పది నిమిషాలు, కేజీహెచ్ కూడా దగ్గరే. పార్వతీపురం నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి పేషెంట్లని తీసుకొచ్చినవాళ్ళు పళ్ళు కొనడానికో సామాన్లకో మార్కెట్‌కి వస్తుంటారు. "బాబూ, సింహాచలం బస్సు ఎక్కడాగుతాది?" అని అడుగుతారు. వాళ్ళకీ ఈ ఊరు విదేశమే. పాస్‌పోర్టు లేదు, అంతే తేడా. పైగా విదేశీయుడి దగ్గర ఉన్న గూగుల్ మ్యాపు వీళ్ళలో చాలామంది దగ్గర ఉండదు.

ఆ మాటకొస్తే ఊరివాళ్ళకి మాత్రం తెలుసా? మార్కెట్లో మేం ఎప్పుడూ కూరగాయలు కొనే మామ్మని అడిగాను, అరకు ఎప్పుడైనా వెళ్ళావా అని. "అల్లం, పసుపు ఆ కొండ మీంచే వత్తాయి నాయినా. నానెప్పుడూ ఎల్లనేదు. ఎవులు తీసికెల్తారు?" అంది. నలభై ఏళ్ళుగా ఇదే ఊళ్ళో బేరం చేస్తున్న మనిషి ఆవిడ. 2017 నుంచి అద్దాల పెట్టె నడుస్తోంది, ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఎక్కుతున్నారు.

ఆవిడకి ఇప్పుడు ఒక పాసు మాత్రం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆర్టీసీ సిటీ బస్సులో ఆధార్ చూపిస్తే టికెట్టు లేదు. ఈ పథకం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. నాకు మాత్రం ఇందులో ఒకటి రుజువైనట్టు అనిపిస్తుంది. ఒక కార్డు చూపించి బస్సెక్కడం, ఆ లెక్క ఇంకొకరు తీర్చడం మన దగ్గర "కుదరని పని" కాదు. అయితే ఆంధ్రా ఆధార్ లేని ఒడిశా ఆవిడకి అది వర్తించదు. అందరికన్నా ఎక్కువ తడబడేది ఆవిడే.

నాకొక భయం కూడా ఉంది, దాచడం దేనికి. ఒసాకాలో కురొమోన్ అని పాత చేపల మార్కెట్ ఒకటుంది. టూరిస్టుల తాకిడి పెరిగాక అక్కడ ధరలు కొండెక్కాయి, ఊరివాళ్ళు వెళ్ళడం తగ్గించేశారు. పుల్లకి గుచ్చిన రొయ్య పట్టుకుని ఫోటోలు దిగేవాళ్ళే ఎక్కువ కనబడ్డారు నాకు. పూర్ణా మార్కెట్ అలా కాకూడదు. మార్కెట్ పాసులో చూడాల్సిన వస్తువుగా ఉండక్కర్లేదు, దిగే స్టాపుగా ఉంటే చాలు. దిగినవాడు మామ్మ దగ్గర అరటిపళ్ళు కొనుక్కుని, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికో, పోర్టు పక్కన గుడి, దర్గా, చర్చి వరసగా ఉన్న ఆ మూడు కొండలకో నడిచి వెళ్తాడు. దానికి ఎవరూ టికెట్టు పెట్టనక్కర్లేదు.

కాబట్టి నేనడిగేది పెద్దదేమీ కాదు. రెండు రోజుల వైజాగు పాసు ఒకటి. సిటీ బస్సులు, బీచి రోడ్డు డబుల్ డెక్కరు, వీఎంఆర్‌డీఏ మ్యూజియాలు, జూ, అరకు పాసింజరు, బొర్రా టికెట్టు. ఏది ఉందో ఏది లేదో తెలుగులో, ఒడియాలో, హిందీలో, ఇంగ్లీషులో ఒక పేజీ. రైల్వే స్టేషన్లో, కాంప్లెక్సులో, కేజీహెచ్ గేటు దగ్గర అమ్మాలి. ఓటీపీ అడక్కూడదు, నగదు తీసుకోవాలి. అద్దాల పెట్టెకి కావాలంటే పైన అదనంగా తీసుకోండి. విదేశీయుడికి రేటు ఎక్కువ పెట్టినా నాకు అభ్యంతరం లేదు, పాసు మాత్రం అందరికీ ఒకటే ఉండాలి.

"దుర్వినియోగం చేస్తారు" అనేవాళ్ళకి ఒక్క మాట. రైల్వే సీజన్ టికెట్లు, స్టూడెంట్ బస్ పాసులు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. దేశమంతా పనిచేసే ట్రాన్సిట్ కార్డు 2019లోనే వచ్చింది. హైదరాబాదులో ఆర్టీసీ టీ-24 టికెట్టుతో 24 గంటలు సిటీ బస్సుల్లో తిరుగుతున్నారు. మిగిలిందల్లా అయిదారు ఆఫీసులవాళ్ళు ఒక గదిలో కూర్చుని, ఒక్కో పాసు మీద ఎవరికెంత అని ఒక ఎక్సెల్ షీటు ఒప్పుకోవడం. అలాంటి షీట్లు రోజుకి నాలుగు చేసేవాళ్ళం కదా మనం. వైజాగులో మీటింగు పెడతామంటే షీటు నేను చేసిస్తాను, ఫ్రీగానే.