మన ఫైలు పేరు మన దగ్గరే దాచడమేంటి?

"ఆ లాగ్ ఫైలు ఎక్కడ సేవ్ చేశావు?" అని టీములో కొత్తగా చేరిన కుర్రాణ్ణి అడిగితే "రీసెంట్‌లో ఉందన్నా" అన్నాడు. రీసెంట్ అనేది ఓ చోటా? మీ ఇల్లెక్కడ అంటే నిన్న వెళ్ళిన చోటే అన్నట్టుంది! అయినా కుర్రాణ్ణి అని ఏం లాభం? టైటిల్ బార్, స్క్రోల్ బార్, స్టేటస్ బార్ అంటూ బొమ్మకి బాణాలు వేయించి భాగాల పేర్లు బట్టీ పట్టించారు గానీ, ఏ భాగం దేనికి జవాబు చెప్తుందో మన చదువుల్లో చెప్పిందెవరు?

నా లెక్కలో ఎక్స్‌ప్లోరర్ విండో మూడు సంగతులు చెప్తే చాలు. నేనెక్కడున్నాను, ఈ ఫైలు ఏంటి, ఇది నిజంగా నా డిస్కులో ఉందా. మైక్రోసాఫ్ట్ వాడు ఈ మూడిటికీ ఒక్కోటిగా ముసుగేస్తూ వచ్చాడు.

అన్నిటికన్నా ఘోరం ఎక్స్‌టెన్షన్ దాచడం. విండోస్ 95 నుంచి ఇవాళ్టి విండోస్ 11 దాకా, తనకి తెలిసిన రకం ఫైలైతే చుక్క తర్వాతి అక్షరాలు చూపించకపోవడమే డిఫాల్టు. 2000 మే నెలలో ఐ లవ్ యూ వైరస్ ప్రపంచాన్ని చుట్టేసింది గుర్తుందా? ఆ అటాచ్‌మెంట్ పేరులో ముందు డాట్ టీఎక్స్‌టీ, చివర డాట్ వీబీఎస్. చివరిది దాచేస్తే జనానికి కనిపించింది ఉత్త టెక్స్ట్ ఫైలు. నొక్కారు, అంటుకుంది. అంత జరిగాకైనా డిఫాల్టు మారిందా? లేదు. ఇన్వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ అని పంపితే ఇప్పటికీ ఇన్వాయిస్ డాట్ పీడీఎఫ్ అనే కనిపిస్తుంది. ఐకాన్ చూసి పోల్చుకుందామంటే, ఈఎక్స్‌ఈకి ఏ బొమ్మ ఉండాలో నిర్ణయించేది దాన్ని తయారుచేసిన వాడే! అంటే దొంగకి వేషం వేసుకునే హక్కుంది, మనకి పేరు చదివే హక్కు లేదు. పక్కన టైప్ కాలమ్‌లో అప్లికేషన్ అని నిజం రాసే ఉంటుంది గానీ, ఆ కాలమ్ చూడాలని ఎవరికి తెలుసు?

దాచకపోతే పేరు మార్చేటప్పుడు జనం పొరపాటున ఎక్స్‌టెన్షన్ చెరిపేస్తారు అంటారు. బాగానే ఉంది, కానీ 2007లో జనంలోకి వచ్చిన విస్టా నుంచే ఎఫ్2 కొడితే చుక్కకి ముందున్న పేరొక్కటే సెలెక్ట్ అవుతోంది కదా. ఆ సాకు అప్పుడే పోయింది, దాచడం మాత్రం పోలేదు.

అదే విస్టాలో అడ్రస్ బార్‌ని ముక్కలు చేశారు. ఏ ముక్క మీద నొక్కితే ఆ ఫోల్డరుకి పోవచ్చు, ఒప్పుకుంటాను, హాయిగానే ఉంది. కానీ అసలు పాత్ కావాలంటే ఖాళీ జాగాలో నొక్కాలి. పైగా ఒక మెట్టు పైకెళ్ళే అప్ బటన్ పీకేశారు, మళ్ళీ 2012లో విండోస్ 8లో తెచ్చి పెట్టారు.

ఇక మూడోది వన్‌డ్రైవ్. బ్యాకప్ ఆన్ అయ్యాక డాక్యుమెంట్స్ అన్న పేరు అదే, చోటు మాత్రం వేరు. మేఘం గుర్తుందంటే ఫైలు మీ దగ్గర లేనట్టే, నెట్ లేకపోతే తెరుచుకోదు. పచ్చ టిక్కు ఉంటే ఉన్నట్టు. డిస్కు నిండిపోయిందని ఆ ఫోల్డర్లోంచి డిలీట్ చేశారనుకోండి, క్లౌడ్‌లో కాపీ కూడా పోయి అక్కడి రీసైకిల్ బిన్‌లో పడుతుంది. ఖాళీ చేయడానికి వేరే ఆప్షన్ రైట్ క్లిక్‌లో ఉంది. పిల్లల ఫొటోలు దాచుకున్న వాళ్ళకి ఇంత ముఖ్యమైన సంగతి చెప్పేది గోరంత బొమ్మ!

"మా అమ్మకి ఇవన్నీ ఎందుకు బాసూ?" అని మీరు అడుగుతారని తెలుసు. మీ అమ్మగారు గ్యాస్ కన్స్యూమర్ నంబరు, ఆధార్ పన్నెండంకెలు చూసుకోవట్లేదా? చుక్క తర్వాత మూడక్షరాలు భారమా? ఫోన్లో పెళ్ళిపత్రిక అని పేరు పెట్టి ఏపీకే పంపి ఖాతాలు ఊడ్చేస్తున్నారని పోలీసులు మొత్తుకుంటున్నారు. ఆ మూడక్షరాలు చూసే అలవాటు మనం అసలు ఎప్పుడు చేయించాం గనక? వాడుకరికి అక్కర్లేదని స్పెక్‌లో రాసేదీ, రాస్తే తలూపేదీ మనలాంటి వాళ్ళమే కదా.

విండోస్ 11లో అయితే వ్యూ, తర్వాత షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్. మా ఇంట్లో మెషీన్లన్నిటిలో పెట్టేశాను. "ఈ డాట్ డాక్స్ ఏంటి?" అని మా ఆవిడ ఒక్కసారి అడిగింది, అంతే.